రాత్రికి చోటు

సోమవారం ఉదయం సారు అక్కనీ, కొత్తపిల్లనీ తన గదిలోకి పిలిచాడు కానీ కూర్చోమనలేదు. అప్పుడే అర్థమైంది అక్కకి, ఇది మామూలు పిలుపు కాదని.

"మూడు వారాల్లో తొమ్మిదిసార్లు ప్రయోగం చేసింది ఈ అమ్మాయి," అన్నాడు సారు, కాగితాలు బల్ల మీద పేర్చి. "తొమ్మిదిసార్లూ మందు వేసింది. తొమ్మిదిసార్లూ కణాలు చావలేదు. ఇదే ల్యాబులో, ఇవే కణాలు, ఇదే మందుకి పదేళ్ళుగా చస్తున్నాయి. ఇప్పుడేం వచ్చింది వాటికి, ఆయుష్షు పెరిగిందా?"

ఆ ల్యాబు బతుకంతా కణాల చావు మీదే నడుస్తుంది. కణం పైపొర మీద రకరకాల రిసెప్టర్లుంటాయి. వాటిలో కొన్ని ఉన్నదే చావు కబురు అందుకోవడానికి. తగిన ప్రోటీను బయటినుంచి వచ్చి వాటిని పట్టుకుందా, కబురు లోపలికి పోతుంది, కణం తన్ను తానే ముక్కలు చేసుకుని సర్దుకుంటుంది. గోల ఉండదు, పక్క కణాలకి ఇబ్బంది ఉండదు. జబ్బు కణాలకి ఆ కబురు సరిగ్గా అందించగలిగితే ఎంతమంది బతుకుతారో అన్నది సారు ఆశ. కబురు తెచ్చే ఆ ప్రోటీనునే అక్కడ అందరూ మందు అంటారు.

కణాలు పెంచి ఇచ్చేది అక్క. ఇరవై రెండేళ్ళుగా అదే పని. చదువుకోడానికి వచ్చినవాళ్ళు డాక్టరేట్లు పుచ్చుకుని వెళ్ళిపోతారు, అక్క మాత్రం ఉంటుంది. "కణాలక్క చేతి కణాలైతే కళ్ళు మూసుకుని వాడొచ్చు" అనే పేరొక్కటే ఆవిడ సంపాదన. అలాంటిది, మొన్న మొన్న వచ్చిన కొత్తపిల్ల చావని కణాల లెక్కలు పట్టుకుని పక్కన నిలబడితే, అక్కకి ఒళ్ళు మండిపోయింది.

"కణాలన్నా తప్పయ్యుండాలి, చేసే చెయ్యన్నా తప్పయ్యుండాలి," అన్నాడు సారు. "శుక్రవారం పదింటికి తేల్చేస్తాను. కణాల్లో వేరే రకం కలిసిపోయిందని తేలితే, మీరిచ్చినవన్నీ మొదట్నుంచీ చూసుకోవాలమ్మా. చెయ్యి తప్పని తేలితే ఈ అమ్మాయి సీటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు. నాకు మాత్రం సరదానా?"

కొత్తపిల్ల తల దించుకుని, చేతిలో ఉన్న చిన్న నోటుబుక్కు అంచుని గోటితో గీకుతూ నిలబడింది. ఆ నోటుబుక్కంటేనే అక్కకి పడదు. పిల్ల వచ్చిన రోజునుంచీ అందులో ఏదో ఒకటి ఎక్కిస్తూనే ఉంటుంది. సీసాల మీది చీటీలకి ఫోటోలు తీసుకుంటుంది. అంతకుముందు ఇంకో ల్యాబులో పనిచేసి వచ్చింది, అక్కడెందుకు మానేసిందో ఎవరికీ తెలియదు. దాపరికం లేనివాళ్ళకి అంత చిన్న అక్షరాలెందుకని అక్క వాదన.

"నా కణాల సంగతి నేను చూపిస్తాను సార్," అంది అక్క. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది ఈ వరస."

పిల్ల ఏమీ అనలేదు. తప్పు లేనిది నోరు విప్పకుండా ఉంటుందా అనుకుంది అక్క.

ఆ రోజంతా పిల్ల మీద ఓ కన్నేసి ఉంచింది. నాలుగవుతుండగా అలవాటు చొప్పున చెయ్యి నడుముకున్న తాళంచెవి మీదికి పోయింది. రెండు నెలల కిందటి దాకా ఆ తాళంచెవి ఇంక్యుబేటర్ పక్కన మేకుకి వేలాడుతుండేది, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకునేవారు. ఇంక్యుబేటర్ అంటే కణాలు వెచ్చగా పెరిగే అలమర. లోపల మూడు అరలు, అడుగున తేమ కోసం నీళ్ళ ట్రే. పిల్ల చేరిన రెండో వారంలో అందులో బూజు పట్టింది. ఏడు ఫ్లాస్కులు పారబోయాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్ళలో రాని బూజు, ఆ పిల్ల వచ్చిన పక్షానికే ఎలా వచ్చింది? అక్క ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, తాళం వేసింది. "నీ డిష్‌లు పొద్దున పెట్టుకో, నాలుగింటికి తీసెయ్. రాత్రిపూట నా కణాల మధ్య నీవి ఉండడానికి వీల్లేదు," అని పిల్లతో అంది. ఆ పిల్ల ఒక్కదాని డిష్‌లకే ఆ రూలు. అప్పట్నుంచి ల్యాబులో వెనకాల తాళాలక్క అనడం మొదలైంది. అక్క చెవిన పడ్డా పడనట్టే ఉండిపోయింది.

"అక్కా, ఒక్క మాట," అంటూ కొత్తపిల్ల ఆ సాయంత్రం దగ్గరికి వచ్చింది.

"నాలుగయింది," అంది అక్క, తాళం తిప్పుతూ.

"రెండు నిమిషాలే అక్కా."

"నాలుగయిందన్నానా. ఏమున్నా సారుతో చెప్పుకో."

పిల్ల గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, డిష్‌లు చెత్తబుట్టలో పడేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు మెట్ల దాకా పోయాక అక్క మళ్ళీ తాళం తీసింది. తన కణాల్లోంచి ఒక ఫ్లాస్కు తీసి, శుభ్రమైన గాలి వీచే గాజుబల్ల ముందు కూర్చుంది. చేతులకి స్పిరిట్ రాసుకుంది. పాత ద్రవం లాగేసి, అడుక్కి అంటుకున్న కణాలని ఊడదీసే ఎంజైమ్ పోసి, ఫ్లాస్కుని అరచేత్తో రెండు దెబ్బలు తట్టింది. పసిపిల్లకి తేన్పు తెప్పించినట్టు ఉంటుంది ఆ తట్టడం. ఊడిన కణాలని కొత్త ద్రవంలో కలిపి, రెండు డిష్‌లలో వంచి, మధ్య అరలో పెట్టి ఇంటికెళ్ళింది.

మంగళవారం పొద్దున ఒక డిష్‌లో మందు వేసింది, ఒకదాన్ని అలాగే వదిలింది. మధ్యాహ్నం మూడింటికి మైక్రోస్కోపు కింద పెడితే, మందు పడిన కణాలు ముడుచుకుపోయి, ఒంటినిండా బుడగలు లేచి, అడుగు వదిలేసి తేలుతున్నాయి. చచ్చినవాటిని చూపించే నీలంరంగు వేసి లెక్కపెట్టింది. నూటికి ఎనభై ఆరు చచ్చాయి. మందు పడని డిష్‌లో అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. సారుని పిలిచి చూపించింది.

సారు చాలాసేపు కంటిని అద్దానికి ఆనించి చూశాడు. "కణాలకేం లేదమ్మా," అన్నాడు చివరికి. "మరి ఆ అమ్మాయే ఏదో..." మాట పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యక్కర్లేదు కూడా. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు కాకుండా, లెక్కతో సహా చూపించినందుకు అక్కకి కడుపు నిండినట్టయింది.

సాయంత్రం ఇంట్లో అదే చెప్పింది మొగుడితో. ఆయన దర్జీ. ముందు గదిలోనే మిషను. పని చేస్తూ వినడం, వింటూ మాట్లాడడం ఆయనకి అలవాటు.

"మొత్తానికి చంపేశావన్నమాట," అన్నాడు దారం పంటితో తెంపి. "చంపినందుకు నీకు మెప్పు, చంపలేనందుకు ఆ పిల్లకి ఉద్వాసన. బాగుంది మీ ఆఫీసు."

"మీకు అన్నీ వేళాకోళమే. ఆ పిల్ల ఏదో చేస్తోందండీ. నాకు మొదట్నుంచీ అనుమానమే."

"ఏం చేస్తోంది?"

"ఏం చేస్తోందో తెలిస్తే ఇంక అనుమానమెందుకు?"

ఆయన నవ్వి, చొక్కా చెయ్యి మిషను కింద తిప్పాడు. "అదీ నిజమే. పోనీ దగ్గరుండి చూడు. పోయేముందు ఆ పిల్లకి కూడా తెలియాలిగా, ఎందుకు పోతోందో."

ఆ మాట అక్కకి నచ్చింది. నచ్చడానికి కారణం మాత్రం వేరు. చేతికి చిక్కితే సారు ముందు ఇంకా గట్టిగా చెప్పొచ్చు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి అక్క సామాన్ల గదిలోకి వెళ్ళి, సగం తెరిచిన తలుపు వెనక నిలబడింది. అక్కణ్ణుంచి గాజుబల్ల ముందు పిల్ల వీపు, రెండు చేతులూ కనిపిస్తాయి. గోడ మీద అక్క చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది, పని వరస మొత్తం అందులో ఉంటుంది. పిల్ల ఒక్కో మెట్టూ వేలు పెట్టి చూసుకుని మరీ చేస్తోంది. స్పిరిట్ రాసుకుంది. సీసా మూత తీసి, మూతని తిరగేయకుండా పట్టుకుంది. ద్రవం పీల్చే పిపెట్ మొనని సీసా మెడకి తగలనివ్వలేదు. ఫ్లాస్కుని అరచేత్తో రెండు దెబ్బలు తట్టింది, అక్క తట్టినట్టే. ఈ పిల్లకి తట్టడం ఎవరు నేర్పారు అనుకుని, తనేనని గుర్తొచ్చి, అక్క మొహం చిట్లించుకుంది. పిల్ల కణాలని డిష్‌లో వంచి ఇంక్యుబేటర్‌లో పెట్టింది. రెండు గంటలు ఆగి, మైక్రోస్కోపులో చూసి, అడుక్కి అంటుకున్నాయని నిర్ధారించుకుని మందు వేసింది. వంక పెట్టడానికి వెంట్రుకంత సందు దొరకలేదు. కాళ్ళు పీకడం ఒక్కటే మిగిలింది అక్కకి.

మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళాక, అక్క తన ఫ్లాస్కులు చూసుకోడానికి ఇంక్యుబేటర్ తెరిచింది. కింది అరలో చివర ఉన్న ఫ్లాస్కుని వెలుతురుకి పట్టుకుంది. లోపల దూదిపోగంత తెల్లటి దారం తేలుతోంది. బూజు.

అక్క అలాగే నిలబడిపోయింది. తాళంచెవి రెండు నెలలుగా తన నడుము దాటలేదు. కింది అరలోకి పిల్ల చెయ్యి ఎన్నడూ పోలేదు. వంగి అడుగున ఉన్న నీళ్ళ ట్రే బయటికి లాగింది. అంచు కింద నల్లటి మరకలు, వేలితో రాస్తే జిగురు. ఆ ట్రే కడిగేది, నీళ్ళు నింపేది అక్క ఒక్కర్తే. ఇంకెవర్నీ ముట్టనివ్వదు. ఈమధ్య మోకాళ్ళ నొప్పులని, ట్రే బయటికి తియ్యకుండా పైనుంచే నీళ్ళు పోసేస్తోంది. కంచే చేను మేసిందన్నమాట. ఆ మాట మనసులో అనుకోడానికే ఆవిడకి సిగ్గేసింది.

ట్రే కడిగి, మరగబెట్టిన నీళ్ళు పోసి, తిరిగి పెట్టి చేతులు తుడుచుకుంటుంటే పిల్ల నోటుబుక్కు కంటపడింది. గాజుబల్ల పక్కన ఉంది. మర్చిపోయిందో, వదిలేసిందో. ఒకరి పుస్తకం తెరవడం తప్పని అక్కకి తెలుసు. తెలిసే తెరిచింది.

రహస్యాలేం లేవు. సీసాల నంబర్లున్నాయి, తేదీలున్నాయి. ఫోటోలెందుకో అప్పుడు తెలిసింది. చావని కణాలకి చావని కారణం ఏ సీసాలోనైనా ఉందేమోనని పిల్ల ఒక్కోటీ సరిచూసుకుంటోంది. రోజుకొక పేజీ. "9.10 ఎంజైమ్. 9.15 ఊడాయి. 9.40 డిష్‌లో. 11.45 అంటుకున్నాయి, మందు. 3.45 లెక్క, చావలేదు. 4.00 తాళం." ప్రతి పేజీ చివరా ఆ తాళం ఉంది.

రెండు వారాల కిందటి పేజీలో, లెక్క కింద, కొంచెం పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "ఎంజైమ్ కణాలని ఊడదీసేటప్పుడు వాటి ఒంటి మీద రిసెప్టర్లని కూడా కోసేస్తోందా? అలాగైతే మందు వచ్చినా పట్టుకోడానికి ఏమీ ఉండదు. మళ్ళీ మొలవడానికి ఒక రాత్రి కావాలేమో. అక్కని అడగాలి, ఒక్క రాత్రి లోపల చోటిస్తారా అని."

దాని కింద మర్నాటి తేదీ. "అడగలేదు." ఆ తర్వాత, "అడగలేదు." ఆ తర్వాత, "అడగలేదు." మొన్న సోమవారం తేదీన, "అడగబోయాను. నాలుగయింది."

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. గోడ మీద తను రాసిన కాగితం కేసి చూసింది. "కణాలు అడుక్కి అంటుకున్నాక మందు వెయ్యాలి." అంతే ఉంది. మర్నాడు అని లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ల్యాబులో సాయంత్రం డిష్‌లో వంచడం, పొద్దున మందు వెయ్యడం. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ రాసుకోలేదు. అన్నం వండేవాళ్ళు బియ్యం కడగాలని రాసుకుంటారా? అందరి కణాలూ రాత్రంతా వెచ్చగా పడుకుని, పోయిన రిసెప్టర్లు మొలిపించుకుని, పొద్దునకి చావడానికి సిద్ధంగా లేచేవి. ఈ పిల్ల కణాలకి మాత్రమే రాత్రి లేదు. ఆ రాత్రిని తీసేసింది ఎవరో కాదు.

నోటుబుక్కుని ఎక్కడున్నది అక్కడే, ఏ వంకరలో ఉన్నది ఆ వంకరలోనే పెట్టేసింది. అయినా ఇది పిల్ల ఊహే కదా, నిజమని రుజువేముంది అని ఒక మూల మనసు గునిసింది. ఆ గునుపుని నోరు మూయించడానికి సాయంత్రం నాలుగింటికి, పిల్ల వెళ్ళాక, ఒక డిష్‌లో కణాలు వంచి మధ్య అరలో పెట్టింది.

గురువారం పొద్దున అదే ఫ్లాస్కులో మిగిలిన కణాలని ఊడదీసి రెండో డిష్‌లో వంచింది. రెండు గంటలాగి, రెంటిలోనూ ఒకే సీసాలోంచి, ఒకే కొలతతో మందు వేసింది. ఆ పక్కనే కొత్తపిల్ల తన బల్ల సొరుగు ఖాళీ చేస్తోంది. ఆ రోజు కణాలు అడగలేదు. పెన్నులు ఒక సంచిలో, చెప్పులు ఒక సంచిలో సర్దుకుంటోంది. ఒకసారి ఇటు చూసి, అక్క చూడగానే తల తిప్పుకుంది. అక్క ఏదో అనబోయింది. అంతలోనే డిష్‌లు అందుకుని ఇంక్యుబేటర్ వైపు నడిచింది.

నాలుగింటికి చూసింది. రాత్రి పడుకున్న డిష్‌లో కణాలు బుడగలెత్తి తేలుతున్నాయి. పొద్దున వంచిన డిష్‌లో, అదే కణాలు, అదే మందులో మునిగి, ఏమీ ఎరగనట్టు చదునుగా పరుచుకుని ఉన్నాయి. పాపం వాటి తప్పేముంది, కబురు అందుకునే చెయ్యే లేదు. ఒక్కసారి కాదు, మూడుసార్లు లెక్కపెట్టింది అక్క, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

శుక్రవారం పదింటికి సారు గదిలో ఈసారి అందరూ కూర్చున్నారు. సారు, అక్క, పిల్ల. బల్ల మీద తెల్లకాగితం, సారు చేతిలో పెన్ను. సారు గొంతు సవరించుకునేలోపే అక్క లేచింది.

"ఒకసారి మైక్రోస్కోపు దగ్గరికి రండి సార్. నువ్వూ రా అమ్మాయ్."

ముందురోజు దాచిన రెండు డిష్‌లూ ఫ్రిజ్‌లోంచి తీసి పక్కపక్కన పెట్టింది. ఏది ఎప్పుడు వంచిందీ, ఎప్పుడు మందు వేసిందీ చెప్పింది. ఎంజైమ్ రిసెప్టర్లని కోసేయడం గురించి చెప్పింది, తన మాటగా కాదు. "ఇది ఈ అమ్మాయి పట్టుకున్నది. రెండు వారాల కిందటే పట్టుకుంది. నేను దాని పుస్తకం అడక్కుండా చదివాను." పిల్ల చెయ్యి చటుక్కున నోటుబుక్కు మీదికి పోయింది. అక్క చూడనట్టు ఊరుకోలేదు. చూసి, తలూపింది.

సారు ఒక డిష్, తర్వాత రెండోది, మళ్ళీ మొదటిది చూశాడు. పైకి లేచేసరికి మొహం వెలిగిపోతోంది. "ఇంత చిన్న విషయమా," అన్నాడు. "అంటే కణాలూ మంచివే, మందూ మంచిదే. హమ్మయ్య." గదిలోకి వచ్చి పెన్ను తీశాడు. "సీటుకేం ఢోకా లేదు, ఉండమ్మా. సీట్లు చూసే కమిటీకి రెండు ముక్కలు రాయాలి కాబట్టి, విద్యార్థి కొత్తగా రావడం వల్ల సమయం విషయంలో పొరపాటు జరిగింది, సరిదిద్దాం అని రాస్తాను. సరిపోతుంది."

పిల్ల సరేనన్నట్టు తలూపింది. అంత త్వరగా ఊపడం అక్క చూసింది. సీటు దక్కింది, పేరు నిలిచింది, ఎవరికీ నష్టం లేదు. తలుపు తీసుకుని బయటికి నడిస్తే చాలు. ఇరవై రెండేళ్ళ పేరు.

"అలా రాయొద్దు సార్," అంది.

"ఎందుకమ్మా? ఎవరికీ ఇబ్బంది లేకుండా పోతుంటే."

"ఆ పిల్ల గోడ మీది కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసింది. కాగితం నాది. మర్నాడన్న మాట రాయనిది నేను. రాత్రిపూట డిష్‌లు పెట్టుకోనివ్వనిదీ నేనే, బూజు దానివల్ల వచ్చిందని. బూజు నా నీళ్ళ ట్రేది. అదే రాయండి."

సారు పెన్ను కాగితం మీద ఆనించి, ఎత్తి, అక్క కేసి చూశాడు. "ఫైల్లో ఉండిపోతుంది. ఆలోచించుకోండి."

"ఉండనీండి," అంది అక్క. "ఎవరైనా చదువుకుంటారు."

సారు రాశాడు. అక్క కింద సంతకం పెట్టింది. పేరు స్పష్టంగానే పడింది.

బయట వరండాలో పిల్ల వెనకే వచ్చింది. ఇద్దరూ కిటికీ దగ్గర ఆగారు.

"సారుతోనైనా చెప్పొచ్చు కదే," అంది అక్క. "నోట్లో నాలుక లేదా నీకు?"

"చెప్తే మీ మీద చాడీలు చెప్పినట్టుంటుందని," అంది పిల్ల. "ఆ తర్వాత మీరు కణాలివ్వకపోతే? మీరిస్తేనే కదక్కా నేను ఏదైనా చెయ్యగలిగేది."

అక్కకి కళ్ళు చెమర్చాయి. ఆ మాటలో కోపం ఉంటే తట్టుకునేది. కోపం లేదు, ఉత్త లెక్క ఉంది. రెండు నెలలుగా తన మొహం చూసి ఆ పిల్ల రోజూ వేసుకున్న లెక్క.

సాయంత్రం నాలుగవుతుండగా పిల్ల గాజుబల్ల ముందు పని ముగించి, రెండు డిష్‌లు చేత్తో పట్టుకుని నిలబడింది. ఇంక్యుబేటర్ దగ్గర అక్క ఉంది. పిల్ల అలవాటుగా చెత్తబుట్ట వైపు చూసింది.

"అడుగు," అంది అక్క.

"ఏంటక్కా?"

"అడగాల్సింది అడుగు. ఇంకా నాలుగు కాలేదు."

పిల్ల డిష్‌లు కొంచెం ముందుకి చాపింది. "ఈ రాత్రికి వీటిని లోపల పెట్టుకోవచ్చా అక్కా?"

అక్క తలుపు తెరిచింది. మధ్య అరలో తన ఫ్లాస్కులు రెంటిని పక్కకి జరిపింది. జరిపిన చోట పిల్ల డిష్‌లు పెట్టి, మూతలు సరిగ్గా ఉన్నాయో లేదో వంగి చూసుకుంది. తలుపు మూశాక అక్క నడుముకున్న తాళంచెవి విప్పి, పాత మేకుకి తగిలించింది. మేకు కొంచెం వదులై ఊగింది.

పిల్ల నోటుబుక్కు తీసి, నిలబడే ఏదో ఒక ముక్క రాసింది. ఏం రాసిందో అక్క తొంగి చూడలేదు.